తొమ్మిదేసెయ్యండి మేడం

మొన్నటి ట్రైనింగ్ ఆఖరి రోజు, భోజనాలు అయ్యాక, వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పడింది. మొదటి రోజు నింపిన ఫారమే మళ్లీ. ఇరవై నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 9 దాకా అంకెలు. చదువంటే ఇష్టం లేని పిల్లల్లో ఇష్టం పుట్టించడానికి మీరు ఎంతవరకు చేయగలరు? క్లాసులో అల్లరిని ఎంతవరకు అదుపు చేయగలరు? ఒక రకంగా చెప్తే అర్థం కాని పిల్లలకు ఇంకో రకంగా ఎంతవరకు చెప్పగలరు? నా పక్కన కూర్చున్న అమ్మాయి, 2024 డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) వచ్చిన ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచరు, వరసగా తొమ్మిదులు నొక్కుకుంటూ పోయింది. నేను ఒక ప్రశ్న దగ్గర ఆగడం చూసి, "తొమ్మిదేసెయ్యండి మేడం. తక్కువేస్తే మళ్ల పిలుస్తరు" అంది.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తన క్లాసు నేను చూశాను. ఒకటో తరగతి పిల్లలను నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, తనూ వాళ్ల మధ్యలో కూర్చుని చదివించే టీచరు. పిల్లల దగ్గర అంత నిజాయితీగా ఉండే మనిషి ఫారం దగ్గరికి వచ్చేసరికి ఆలోచించకుండా తొమ్మిదులు పెట్టిందంటే లోపం ఫారంలో ఉంది, ఫారం ఎవరి చేతికి వెళ్తుందో అందులో ఉంది. అప్పటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. చివరికి నాకు తేలింది ఇది: టీచర్ల ఆత్మవిశ్వాసాన్ని కొలిచే ఏ ఫారంలోనైనా అన్నిటికన్నా విలువైనది తక్కువ అంకె. మనం మాత్రం ఆ తక్కువ అంకెను ఎవరూ వేయలేని విధంగా అంతా ఏర్పాటు చేసి పెట్టుకున్నాం.

ప్రశ్నలు ఎక్కడివి?

ఆ ఇరవై నాలుగు ప్రశ్నలు మన దగ్గర పుట్టినవి కావు. 2001లో అమెరికాలో ఓహియో స్టేట్ యూనివర్సిటీతో సంబంధం ఉన్న మేగన్ షానెన్-మొరాన్, అనిటా వుల్‌ఫోక్ హోయ్ తయారు చేసిన స్కేలు అది. పన్నెండు ప్రశ్నల పొట్టి రూపం కూడా ఉంది. పిల్లలను చదువులోకి లాగడం, బోధనా పద్ధతులు, క్లాసు నిర్వహణ అని మూడు భాగాలు. దానికి ముందు 1984లో షెరీ గిబ్సన్, మైరాన్ డెంబోల స్కేలు ఉండేది. ఇంకా వెనక్కి పోతే 1976లో లాస్ ఏంజెలిస్ స్కూళ్లలో చదవడం నేర్పే కార్యక్రమాల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం. అందులో ఈ విషయం మీద రెండే రెండు వాక్యాలున్నాయి, ఒప్పుకుంటారా లేదా చెప్పమన్నారు. ఒకటి, పిల్లల చదువు చాలావరకు ఇంటి పరిస్థితి మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి టీచరు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదని. రెండోది, నేను గట్టిగా ప్రయత్నిస్తే ఎంత కష్టమైన పిల్లలకైనా నేర్పగలనని.

మొదటి వాక్యం చదివినప్పుడు నాకు మా స్టాఫ్‌రూమే గుర్తొచ్చింది. "ఇంటికాడ పట్టించుకునేటోళ్లు లేకపాయె, మనమేం చేస్తం" అనే మాట ఏ స్కూలు స్టాఫ్‌రూములోనైనా వారానికి ఒక్కసారైనా వినబడుతుంది. యాభై ఏళ్ల కింద ఇంకో దేశంలో అడిగిన ప్రశ్న ఇంత దగ్గరగా తగలడం వల్లే నేను ఈ కొలతలను చెత్తబుట్టలో వేయలేకపోతున్నాను. అడగాల్సిన విషయమే అడిగారు వాళ్లు.

టెట్‌కి (టీచర్ల అర్హత పరీక్షకు) చదివినవాళ్లకు మనస్తత్వవేత్త బండూరా అంటే బోబో బొమ్మ ప్రయోగం. పిల్లలు చూసి నేర్చుకుంటారు, ఒక మార్కు, అయిపోయింది. కానీ ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన ఇంకో వ్యాసం టీచర్లకు అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది. ఒక పని నేను చేయగలను అన్న నమ్మకం మనిషి ఆ పనిలోకి దిగుతాడా లేదా, అడ్డం వస్తే ఎంతసేపు నిలబడతాడు అన్నది తేలుస్తుందని అందులో వాదించాడు. గిబ్సన్, డెంబోలు కొద్దిమంది టీచర్ల క్లాసుల్లో కూర్చుని చూస్తే అదే కనిపించింది. పిల్లాడు తప్పు జవాబు చెప్పినప్పుడు, నమ్మకం తక్కువ ఉన్న టీచర్లు తొందరగా విమర్శకు దిగారు. నమ్మకం ఎక్కువ ఉన్నవాళ్లు ఆ పిల్లాడి దగ్గరే ఇంకాసేపు ఉన్నారు. తప్పు జవాబు తర్వాతి ఆ అర నిమిషం ఎంత ముఖ్యమో బోర్డు ముందు నిలబడ్డ ఎవరికైనా తెలుసు. కాబట్టి టీచరుకు తన మీద తనకున్న నమ్మకం ముఖ్యమే. దాన్ని తెలుసుకోవాలనుకోవడమూ న్యాయమే.

కానీ ఫారం మీద పడ్డ అంకెకూ క్లాసులో జరిగే చదువుకూ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. 2014లో రాబర్ట్ క్లాసెన్, వర్జీనియా ట్సే 43 అధ్యయనాలను, మొత్తం 9,216 మంది లెక్కలను కలిపి చూశారు. సున్నా అంటే సంబంధం లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం అనుకుంటే, టీచర్ల మానసిక లక్షణాలకూ వాళ్ల బోధన ఫలితానికీ మొత్తం మీద తేలింది 0.10. నమ్మకాన్ని మాత్రమే తీసుకుని, క్లాసు చూసినవాళ్లు వేసిన మార్కులతో పోలిస్తే 0.28. అది నయమే. పిల్లల మార్కులతో పోల్చినప్పుడు మాత్రం సంబంధం బాగా బలహీనం. అంటే ఒక మనిషి తొమ్మిది వేశాడు కాబట్టి పిల్లలకు చదువు వచ్చింది అనడానికి లేదు. మూడు వేసిన మనిషి పనికిరాడు అనడానికి అంతకన్నా లేదు.

మా సోషల్ సార్

మా స్కూలు మూసీకి ఎక్కువ దూరం లేదు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు బస్తీల పిల్లలు చాలామంది వస్తారు. మా సోషల్ సార్ 1908 వరద గురించి చెప్తుంటే ఒకసారి వెనక బెంచీలో కూర్చుని విన్నాను. పుస్తకం తెరవలేదాయన. చాక్‌పీసుతో నేల మీద పొడుగ్గా మూసీ గీశాడు. అఫ్జల్‌గంజ్ ఎక్కడ, ఉస్మానియా దవాఖానా ఎక్కడ, అందులో నూటాయాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఎక్కడ అని గుర్తులు పెట్టాడు. "ఇగ మీ ఇండ్లు పెట్టుండ్రి" అన్నాడు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఒక చాక్‌పీసు ముక్క పెట్టిపోయారు. తర్వాత ఆయన తడిగుడ్డ తీసుకుని 1908 సెప్టెంబరు 28న నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తుడుచుకుంటూ పోతే ముక్కలన్నీ గుడ్డ కిందికి పోయాయి. ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ కట్టారని చెప్పాడు. ఒక అమ్మాయి లేచి, "సార్, గండిపేట గేట్లు ఎత్తితేనే కదా మా ఇంట్లకు నీళ్లొచ్చేది. మరి వరద రావొద్దని కట్టిండ్రు అంటరేంది?" అని అడిగింది. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చిన రోజులు ఆ పిల్లకు బాగా గుర్తున్నాయి. సార్ ఆ పీరియడ్ మిగతాదంతా ఆ ప్రశ్నకే ఇచ్చేశాడు. చెరువు నిండితే ఏం చేయాలి, నది ఒడ్డున ఇళ్లు ఎందుకు పడ్డాయి, గేట్లు ఎత్తే ముందు ఎవరికి చెప్పాలి అని పిల్లలే వాదించుకున్నారు.

ఆయనకు నన్ను అంకె వేయమంటే తొమ్మిది వేస్తాను.

ఇప్పుడు దీనికి రెండో సగం చెప్పాలి. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. పాఠం ఏ భాషలో చెప్పుకున్నా పరీక్షలో జవాబు రాయాల్సింది ఇంగ్లీషులో. గండిపేట గేట్ల గురించి అంత బాగా వాదించిన ఆ పిల్లల చేత దాని మీద నాలుగు వాక్యాలు రాయించాల్సి వచ్చేసరికి సార్ గొంతు తగ్గిపోయింది. పీరియడ్ మొదలవకముందే స్టాఫ్‌రూములో ఒక కాగితం మీద వాక్యాలు రాసుకుని, ఇంగ్లీషు టీచరుకు చూపించి, పెదవులు కదుపుతూ రెండు మూడుసార్లు చదువుకుని వెళ్తాడు. క్లాసులో ఆ కాగితంలో లేని ప్రశ్న పిల్లలెవరైనా అడుగుతారేమో అని భయం. తెలుగులో పిల్లల చేత ప్రశ్నలు అడిగించడమే ఆయన విద్య. ఇంగ్లీషు పేజీకి వచ్చేసరికి ప్రశ్న రాకుండా ఉంటే చాలనుకుంటాడు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది: పిల్లలకు మంచి ప్రశ్నలు ఎంతవరకు వేయగలరు? ఈ మనిషి ఏం వేయాలి? తెలుగులో తొమ్మిది, ఇంగ్లీషులో మూడు. రెండూ కలిపి సగటు ఆరు అంటే అది ఎవరి అంకె కూడా కాదు. ఆయన ఎనిమిది వేశాడని తర్వాత తెలిసింది. ఆ ఎనిమిది పైకి వెళ్లి, జిల్లా సగటులో కలిసి, ఎక్కడో ఒక స్లైడు మీద బొమ్మగా మారుతుంది. ఆయనకు కావలసింది మాత్రం చాలా చిన్నది: పక్కన ఒకరు కూర్చుని, వరద పాఠానికి పది ఇంగ్లీషు వాక్యాలు, పిల్లలు వేయగల పది ప్రశ్నలు ముందే కలిసి తయారు చేసుకోవడం. ఆ సాయం అడగడానికి ఆ ఫారంలో చోటు లేదు.

బండూరా చెప్పింది, మనం వదిలేసింది

ఈ స్కేళ్లు ఎలా తయారు చేయాలో బండూరా 2006లో ఒక మార్గదర్శకం రాశాడు. అది చదివి నేను నిజంగా ఆశ్చర్యపోయాను, ఎందుకంటే మనం చేసే ప్రతి పనికీ అందులో ముందే జవాబు ఉంది. సమాధానాలు ఒంటరిగా, పేరు లేకుండా రాయించాలి అంటాడు, లేకపోతే ఎవరేమనుకుంటారో అన్న జంకు అంకెలోకి దూరుతుందని. ఫారం మీద ఆత్మవిశ్వాసం అనే శీర్షిక కూడా పెట్టొద్దంటాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, పని ఒక్కటే అయినా దాని కష్టం మెట్లు మెట్లుగా పెరుగుతూ పోవాలంటాడు. అడ్డంకి లేని పని గురించి అడిగితే అందరూ గొప్పవాళ్లే అవుతారు కదా.

మన ఫారంలో మొదటి గడి పేరు. రెండోది ట్రెజరీ ఐడీ. మూడోది ఫోన్ నంబరు. నా జీతం బిల్లు మీద ఉండే నంబరు అడిగి, ఆ తర్వాత నీకు ఏం చేతకాదో చెప్పు అంటే ఎవరు చెప్తారు? డాక్టరు ముందు కూర్చోగానే కొందరికి బీపీ పెరుగుతుంది చూడండి, ఇక్కడ పెరిగేది అంకె.

మెట్ల విషయం నా సొంత సబ్జెక్టులో చెప్తాను, అక్కడే నాకు బాగా తెలుసు. లెక్కలు బాగా చెప్పగలరా అంటే, చెప్పగలను. ఇన్నేళ్లు అదే పని చేశాను. ఇప్పుడు ఆరో తరగతిలో 1/2 + 1/4 అనే ఒక్క లెక్క తీసుకోండి. ఎక్కాలు వచ్చిన క్లాసుకైతే తొమ్మిది వేసుకుంటాను. క్లాసులో మూడోవంతు పిల్లలకు భాగహారమే రాకపోతే ఏడు. 2/6 అని రాసి అదే కరెక్టని గట్టిగా నమ్మే పిల్లాడు ఉంటాడు, ప్రతి ఏడూ ఉంటాడు. పైవి పైవి కలిపాడు, కిందివి కిందివి కలిపాడు, వాడి లెక్కలో తప్పేమీ లేదు. వాడికి తప్పని చెప్పకుండా వాడి చేతే ఆ తప్పు పట్టించాలి. దానికి నాకు నేను ఆరు వేసుకుంటాను. ఈ ఏడు ఒక పిల్లాడికి కాగితం ఇచ్చి సగం మడతపెట్టించాను. ఇంకో కాగితం ఆరు భాగాలు చేసి రెండు రంగు వేయించాను. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "కలిపితే తగ్గిందేంది మేడం?" అన్నాడు. ఆ రోజుకు నా అంకె ఏడు అయి ఉంటుంది. ఆ మర్నాడు ఇంకో పిల్లాడి దగ్గర అదే కాగితం పని చేయలేదు, మళ్లీ ఆరు.

చివరి మెట్టు. అమ్మానాన్నలు ఒడిశా నుంచి కన్‌స్ట్రక్షన్ పనికి వస్తే, విద్యాసంవత్సరం మొదలైన రెండు నెలలకు బడిలో చేరిన అమ్మాయి. తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు, హిందీ కొద్దిగా. ఇలాంటి పిల్లలు హైదరాబాద్ చుట్టుపక్కల ప్రతి స్కూల్లోనూ ఉన్నారు. ఆ అమ్మాయికి 1/2 + 1/4 నేర్పడంలో నా అంకె మూడు. ఇన్ని అంకెల్లో ఎవరికైనా పనికొచ్చేది ఆ మూడు ఒక్కటే, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి చేయొచ్చు. ఒడియా వచ్చిన మనిషిని వారానికి ఒకసారి పిలవొచ్చు. మాటలు తక్కువ, వస్తువులు ఎక్కువ ఉండే పాఠం తయారు చేయొచ్చు. లెక్కలు బాగా చెప్పగలరా అన్న ప్రశ్నకు నేను వేసే తొమ్మిదిని పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు.

క్లాస్ కంట్రోల్ ప్రశ్న గురించి కూడా ఒక మాట. మన దగ్గర తొమ్మిదులు ఎక్కువ పడేది దానికే అని నా నమ్మకం. బెత్తం పట్టుకుని వరండాలో నడిస్తే మూడు గదులు నిశ్శబ్దమైపోయే టీచర్లను మనమందరం చూశాం. వాళ్లు ఆ ప్రశ్నకు తొమ్మిది వేస్తే వాళ్ల లెక్కలో అది నిజమే. ఆ నిశ్శబ్దంలో ఒక్క పిల్ల కూడా లేచి గండిపేట గేట్ల గురించి అడగదు. నమ్మకం ఉంటే చాలదు, దేని మీద నమ్మకం అన్నది చూడాలి.

తగ్గితే తప్పా?

మొదటి రోజు ఫారం, ఆఖరి రోజు ఫారం. రెండోది మొదటిదానికన్నా పెరిగితే ట్రైనింగ్ సక్సెస్. రిసోర్స్ పర్సన్‌గా, అంటే ట్రైనింగ్ ఇచ్చే మనిషిగా, వెళ్లిన రోజుల్లో నేనూ ఆ పెరిగిన గీతలు స్లైడ్ల మీద చాలా చూశాను. ఇప్పుడు వాటిని నమ్మను.

ఒక టీచరు ట్రైనింగుకు వచ్చేటప్పుడు, చదవడం నేర్పడం తనకు బాగా వచ్చనుకుని ఏడు వేసింది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు మొదలైన కొత్తల్లో చాలామంది అలాగే వచ్చారు. పిల్లలు ఏ అక్షరం దగ్గర ఆగిపోతున్నారో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూడాలని, బట్టీ పట్టి అప్పజెప్పడానికీ చదవడానికీ తేడా ఉందని అక్కడ తెలిసింది. ఇంటికెళ్లేటప్పటికి ఆమెకు తన క్లాసు కొత్తగా కనిపించింది. నిజాయితీగా వేస్తే ఇప్పుడు ఐదు పడుతుంది. ఆమె నేర్చుకుంది, అందుకే అంకె తగ్గింది. కొలిచే కర్రే మారిపోయినప్పుడు ముందు కొలతనూ తర్వాతి కొలతనూ తీసివేసి చూడటం కుదరదు. 1979లో జార్జ్ హోవర్డ్, ఆయన తోటివాళ్లు ఈ చిక్కునే పట్టుకున్నారు. అన్నీ అయిపోయాక, ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే మొదటి రోజు మీరు నిజంగా ఎక్కడ ఉన్నారు అని వెనక్కి తిరిగి అడగమన్నారు. అందులోనూ లోపం ఉంది, పెరిగిందని చెప్పాలనే మొహమాటం పూర్తిగా పోదు. అయినా ఇప్పుడు చేస్తున్నదానికన్నా మేలు.

కొత్త టీచర్ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. అనిటా వుల్‌ఫోక్ హోయ్, బర్క్ స్పీరో 2005లో రాసిన అధ్యయనంలో, టీచర్ ట్రైనింగులో పెరిగిన నమ్మకం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో తగ్గింది. పక్కన గైడ్ టీచర్ ఉండి, పాఠం ముందే తయారుగా ఉండే బీఈడీ ప్రాక్టీసు వేరు, ఒక్కరే నాలుగు క్లాసులు మోయడం వేరు. ఆ పడిపోయే ఏడాదిలోనే మన కొత్త ఎస్జీటీలు తొమ్మిదులు వేస్తున్నారు. వాళ్లకు నిజంగా ఎక్కడ కష్టంగా ఉందో ఎవరికీ తెలియకుండా ఆ ఏడాది గడిచిపోతోంది.

జపాన్ అంకెలు చూస్తే ఇంకా ఆలోచన వస్తుంది. ఓఈసీడీ అనే దేశాల కూటమి 2013లో టీచర్ల మీద చేసిన టాలిస్ సర్వేలో, నువ్వు చదవగలవు అన్న నమ్మకం పిల్లల్లో కలిగించగలమని చెప్పిన జపాన్ టీచర్లు 17.6 శాతం. పాల్గొన్న దేశాల సగటు 85.8. ఆసక్తి లేని పిల్లల్లో ఆసక్తి కలిగించడంలో జపాన్‌లో 21.9, సగటు 70. అక్కడి పిల్లలే పిసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో ముందు వరుసలో ఉంటారు. దీన్నిబట్టి నమ్మకం తక్కువైతే చదువు బాగా వస్తుందని నేను అనడం లేదు. నేను చేయగలను అని పైకి చెప్పుకోవడం ఒక్కో సమాజంలో ఒక్కోలా ఉంటుంది. కానీ అక్కడ ఒక పద్ధతి ఉంది: నలుగురు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తయారు చేసి, ఒకరు పిల్లలకు చెప్తుంటే మిగతావాళ్లు కూర్చుని చూసి, తర్వాత ఎక్కడ పాఠం తప్పిందో మాట్లాడుకుంటారు. ఇది నాకు రాదు అనడం అక్కడ పనిలో భాగం. కార్ల్ వీట్లీ అనే పరిశోధకుడు 2002లోనే వాదించాడు, టీచరుకు తన మీద కలిగే సందేహం కూడా మార్పుకు దారి తీయగలదని. నేను ఆయన పక్షమే.

నాకూ ఉన్న సందేహాలు

ఇంత రాశాక కూడా నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలున్నాయి.

ఒకటి బయటి భయం. సర్కారు టీచర్లు మాకు చేతకాదు అని రాసిస్తే, రేపు పేపర్లో ఏం వస్తుంది? సగం మంది టీచర్లకు పాఠం చెప్పడం రాదు అనే హెడ్డింగు వస్తుంది. ఆ మర్నాడు మా బస్తీలో ఇద్దరు తల్లులు పిల్లల్ని తీసుకెళ్లి సందు చివర ప్రైవేటు బడిలో వేస్తారు. ఈ భయం ఊహ కాదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి, రిటైర్మెంటుకు ఐదేళ్ల పైన ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి అన్నప్పటి నుంచి, యాభై ఏళ్ల టీచర్లు రాత్రిళ్లు గైడ్లు తిరగేస్తున్నారు. అలాంటి గాలిలో మూడు వేయమని అడగడానికి నాకే మనసు రాదు. కాబట్టి నేను తక్కువ అంకె వేయండి అని టీచర్లకు చెప్పడం లేదు. వేసినా నష్టం రాదని ముందు చూపించండి అని పైవాళ్లకు చెప్తున్నాను. ఈ వరస మారితే కుదరదు.

రెండోది నా తోటి లెక్కల టీచరు అడిగినది. "పేర్లు తీసేస్తే సాయం ఎవరికి కావాలో ఎట్ల తెలుస్తది మేడం?" న్యాయమైన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. పేరు లేని కాగితం మనుషుల్ని చూపించదు, విషయాన్ని చూపిస్తుంది. ఒక స్కూల్ కాంప్లెక్సులో, అంటే చుట్టుపక్కల బడులన్నీ కలిసిన గుంపులో, ఇరవై మందికి ఒకే దగ్గర తక్కువ పడితే ఆ విషయం మీద పని మొదలుపెట్టొచ్చు. ఒక్కరికే కష్టంగా ఉన్నది అలా దొరకదు. దానికి హెచ్ఎం మంచివాడై ఉండాలి, లేదా పక్క క్లాసులో నమ్మదగ్గ మనిషి ఉండాలి. ఫారం ఆ పని చేయలేదు.

అసలు కొలవడమే మానేసి పిల్లల మార్కులు చూస్తే సరిపోదా అని ఇంకొందరు అంటారు. నేను ఒప్పుకోను. మార్కుల్లో టీచరు ఒక్కరే ఉండరు. ఇల్లుంటుంది, ఇంటి భాష ఉంటుంది, ముందు ఐదేళ్లు చెప్పిన టీచర్లుంటారు, మధ్యలో బడి మానేసి పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగు పనికెళ్లిన రోజులుంటాయి. పైగా మార్కులు వచ్చేసరికి ఏడాది అయిపోతుంది.

ఇంకా ఒక బాధ ఉంది నాకు. 2020 విద్యావిధానం టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అంది. గంటలు పెరగడం మంచిదే. కానీ బండూరా లెక్క ప్రకారం నమ్మకం పుట్టేది నాలుగు చోట్ల: సొంతంగా చేసి గెలిచినప్పుడు, మనలాంటివాళ్లు చేస్తుంటే చూసినప్పుడు, నమ్మిన మనిషి నువ్వు చేయగలవు అన్నప్పుడు, ఒంట్లో ఆందోళన తగ్గినప్పుడు. మొదటిదే అన్నిటికన్నా బలమైనది. మన ట్రైనింగులు రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతూ వచ్చేసరికి మిగిలేది మూడోది మాత్రమే, అదీ పీపీటీ రూపంలో. పిల్లలు లేని గదిలో, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, మీరు చేయగలరు అనిపించుకుని వస్తాం. ఆ సాయంత్రం పడే తొమ్మిదుల్లో కొన్ని నిజంగానే ఆ ఉత్సాహం. సోమవారం మొదటి పీరియడ్‌కి ఎంత మిగులుతుందో ఎవరూ అడగరు.

మా కాంప్లెక్సులో

ఆగస్టు కాంప్లెక్స్ మీటింగులో మేం కొందరం కలిసి నాలుగే ప్రశ్నలు రాశాం. ఒక్కో ప్రశ్నలో ఒక పిల్ల, ఒక పాఠం, ఒక అడ్డంకి. పేరు రాయొద్దన్నాం, ఫోన్లో వద్దన్నాం. కాగితం ముక్కలు మడతపెట్టి చాక్‌పీసుల డబ్బాలో వేయమన్నాం. కొందరు నవ్వారు, ఓట్లేస్తున్నట్టుందని. కానీ డబ్బా తెరిచి చదువుతుంటే గది మారిపోయింది. ఒకట్లు, రెండ్లు, మూళ్లు వచ్చాయి. మూడు భాషల్లో ఏదీ రాకుండా మధ్యలో చేరిన పిల్లల ప్రశ్నకు ఎక్కువమంది వేసింది మూడు లోపే. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఒక సార్ లేచి, ఆ ఒకటి వేసింది నేనే అని చెప్పాడు. ఎవరూ అడగలేదు, ఆయనే చెప్పాడు. ఆ తర్వాత అరగంట సేపు ఎవరి క్లాసులో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఎవరు ఏం చేసి చూశారో మాట్లాడుకున్నారు. నేను చూసిన కాంప్లెక్స్ మీటింగుల్లో అంత పని జరిగిన అరగంట ఇంకోటి లేదు.

ఉర్దూ మీడియం స్కూలు నుంచి వచ్చే ఒక టీచరు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లలతో ఎప్పటి నుంచో నెట్టుకొస్తోంది. తర్వాతి మీటింగులో ఆమె మా స్కూల్లో నిజం పిల్లలతో, ఆ ఒడిశా అమ్మాయి కూడా ఉన్న క్లాసుకు, భిన్నాల పాఠం చెప్తానని ఒప్పుకుంది. మిగతా అందరం వెనక కూర్చుని చూస్తాం. "నాకూ అందరికీ సరిగ్గా రాదు, చూస్తే మీరే చెప్పాలి" అని ముందే అంది.

రిపోర్టు కోసం అంకెలు పంపమని సీఆర్పీ (మా బడుల గుంపుకు ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) అడిగాడు. ఆయన మీద ఒత్తిడి ఆయనకుంది, అర్థమైంది. అంకెలు పంపలేదు. ఏ విషయంలో సాయం కావాలో రెండు వాక్యాలు రాసి, ఒడియా, హిందీ వచ్చిన వాలంటీర్లు ఎవరైనా దొరుకుతారా అని అడిగి పంపాం. ఆమె క్లాసు అయ్యాక అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ డబ్బాలో వేస్తాం. అంకెలు తగ్గినా ఆమె క్లాసు బాగోలేదని అనుకోకూడదని అందరం ముందుగానే మాట్లాడుకున్నాం.